వరాహ శిశువులకు బొంతలు

1989 వానాకాలంలో ఖరగ్‌పూర్ మలంచా ప్రాంతపు తెలుగు కుటుంబాల్లో జీవకారుణ్యం ప్రవేశించిందని పాఠకులకు సవినయంగా తెలియజేయడమైనది. అంతకుముందు అక్కడ జీవకారుణ్యం లేదని కాదు. ఉండేది గాని, దానికి కార్యవర్గం ఉండేది కాదు.

ఇందుకు కారణం ఒక రేకుల షెడ్డు. ఊరి శివార్లలోని ఒక మందుల ప్రయోగశాలలో జంతువులను ఉంచే షెడ్డు గాలివానకు కూలిపోయింది. మళ్ళీ కట్టేవరకు అందులోని గినీ పందులను, అంటే పేరుకే పందులైన ఎలుకజాతి చిన్నజీవాలను, దయగల గృహస్థుల ఇళ్ళలో ఉంచాలని అధికారులు నిర్ణయించారు. వాటి ఆలనాపాలనా చూసే సుందర్ రాజు ఝపటాపూర్‌లో ఉంటాడు, తెలుగువాడు. అతడు సైకిలు వెనక బుట్ట కట్టుకుని తిన్నగా అచ్యుతరావుగారి ఇంటికి వచ్చాడు.

అచ్యుతరావుగారు రైల్వే ఆఫీసులో హెడ్ క్లర్కు, తెలుగు అభ్యుదయ సమాజానికి కార్యదర్శి. మంచినీళ్ళు ఇచ్చినా రెండు మాటలు మాట్లాడి గాని పుచ్చుకోరు. ఆయన భార్య శ్యామలాంబ అప్పుడు వరండాలో బొంత కుడుతోంది. పాత చీరల ముక్కలు, దర్జీ పారేసిన పీలికలు, రంగు వెలిసి పనికిరాకుండా పోయిన పచ్చజెండా, ఎర్రజెండా గుడ్డలు ఆమె చుట్టూ పరుచుకుని ఉన్నాయి. సుందర్ రాజు బుట్ట దింపి మూత తీశాడు. లోపల రెండు జీవాలు, తోక లేకుండా, గుండ్రంగా, ఆఫీసులో కొత్తగా చేరిన గుమాస్తాల్లా బెదురుచూపులు చూస్తున్నాయి.

"రెండూ ఆడవేనమ్మా. పిల్లాజెల్లా బెంగ అక్కర్నేదు" అన్నాడు సుందర్ రాజు.

"ఏం తింటాయి రాజూ?"

"గడ్డమ్మా. కొత్తిమీర కాడలు, కేబేజీ ఆకులు. మీరేటి పారేస్తే అదే."

పారేసినదానితో తృప్తిపడే అతిథులు ఆ ఇంటికి రావడం అదే మొదలు. శ్యామలాంబ చేతిలోని బొంత మడత విప్పి బుట్టలో పరిచింది. ఒక కంటి మీద గోధుమరంగు మచ్చ ఉన్నది దాని కిందికి దూరి, ముక్కు మాత్రం బయటపెట్టింది. ఆమె దానికి చుక్కమ్మ అని పేరు పెట్టుకుంది.

చిక్కంతా వాటి జాతి పేరుతో వచ్చింది. సమాజం అధ్యక్షురాలు సరోజాదేవిగారు నిష్ఠాపరురాలు. పంది అన్న మాట ఇంటి గడప దాటడానికి వీల్లేదన్నారు. వెంటనే అత్యవసర సమావేశం జరిగింది. అచ్యుతరావుగారు లేచి, "సోదరసోదరీమణులారా! భూమండలాన్ని కోరమీద ఎత్తిన మూర్తి ఈనాడు మన ఇళ్ళకు చిన్న రూపంలో వస్తే, మనం పేరు చూసి తలుపు వేస్తామా?" అన్నారు. చప్పట్లు మోగాయి. ఇకమీదట ఈ జీవాలను వరాహ శిశువులు అనాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పేరు మారగానే మైల పోయింది. మర్నాటికి సరోజాదేవిగారే ఒక జత కావాలని కబురు చేశారు.

ఆ తరవాత సుందర్ రాజు సైకిలుకు తీరిక లేదు. వరాహ శిశువులున్న ఇల్లు, లేని ఇల్లు అని మలంచా రెండుగా చీలింది. బడిపంతులు కామేశంగారు తమ జతను గాజు షోకేసులో, పెళ్ళినాటి వెండిగ్లాసుల పక్కన ఉంచారు. వెనకవీధి స్వర్ణకుమారిగారు తమవాటికి రోజూ బొట్టు పెట్టి ప్రసాదం తినిపించేవారు. కత్తిపీట చప్పుడు వినబడితే చాలు, ఆకులొస్తున్నాయని అవి ఈలవేసేవి. అచ్యుతరావుగారి పక్కింటి రిటైర్డ్ గార్డు జగ్గారావుగారు ఆ ఈలకు భోజనం మధ్యలో లేచి నిలబడి, కుడిచెయ్యి ఊపి, మళ్ళీ కూర్చునేవారు. ఇందులో వింతేమీ లేదు. జీవితమంతా ఈల వేసి జెండా ఊపినవాడు ఈల వినబడితే కూర్చుంటాడా?

కొన్నాళ్ళకు చుక్కమ్మ ఈనింది. పిల్లలు కళ్ళు తెరుచుకునే పుట్టాయి, పుట్టిన పూటే పరుగెత్తాయి. బొంతపనికి తోడొచ్చే అప్పలనర్సమ్మ, వర్క్‌షాపు నూకయ్య భార్య, బుట్టలోకి తొంగిచూసి నోరు నొక్కుకుంది.

"రెండూ ఆడవే అన్నాడు గదమ్మా ఆ రాజు!"

సుందర్ రాజును పిలిచి అడిగారు. అతడు రెండోదాన్ని తిప్పి చూసి, "ఇది కూడా ఆడదేనమ్మా, కూసింత తక్కువ" అన్నాడు.

అప్పటికి ఊళ్ళో బొంతల జ్వరం మొదలైంది. శ్యామలాంబ శిశువులకు బొంత ఉంటే మిగిలినవారి శిశువులకు ఉండొద్దా? పాత పీలికలతో కుట్టేదే బొంత అని ఆమె చెప్పి చూసింది. పాతవి మా ఇళ్ళలో ఉండవు అని వారు జవాబిచ్చారు. అందుచేత గోల్ బజార్‌కు వెళ్ళి కొత్తబట్ట కొని, ఇంటికి తెచ్చి పీలికలుగా కత్తిరించి, మళ్ళీ కలిపి కుట్టారు. స్వర్ణకుమారిగారైతే బొంతకు రంగు కుదరలేదని, ఒక్కసారైనా కట్టని పట్టుచీరే చింపారు. దసరాకు సమాజం బొంతల ప్రదర్శన పెట్టింది. "కన్నబిడ్డకు తల్లి ఎంతో, వరాహ శిశువుకు మనం అంత!" అని సరోజాదేవిగారు ఉపన్యసించారు. న్యాయనిర్ణేత కూడా వారే కావడంతో, ఎలాంటి పక్షపాతం లేకుండా మొదటి బహుమతి వారి బొంతకే వచ్చింది. మాసిపోతుందని దాన్ని గోడకు వేలాడదీశారు. వారి శిశువులు గోనెసంచి మీద పడుకున్నాయి.

చలి మొదలయ్యే రోజుల్లో సుందర్ రాజు మళ్ళీ వచ్చాడు. ఈసారి సైకిలుకు ఖాళీ బుట్టలున్నాయి.

"షెడ్డు లేసిందమ్మా. అందరి దగ్గరా సరుకు పోగుసెయ్యమన్నారు."

శ్యామలాంబ ఒడిలో చుక్కమ్మ ఉంది. బొంత కుడుతున్నంతసేపూ అది అక్కడే ఉండి సన్నగా గురగురలాడుతుంది.

"తీసుకెళ్ళి ఏం చేస్తారు రాజూ?"

అతడు నేలచూపులు చూశాడు. "మందు గుచ్చుతారమ్మా. పానం ఉంటే మందు మంచిదన్నమాట."

"ఉండకపోతే?"

"ఇంకో మందు."

ఆమె సూది బొంతలో గుచ్చి పక్కన పెట్టింది. "వీటిని ఇవ్వను. నీకు మాటొస్తే నేను దాచేశానని చెప్పు" అంది. సుందర్ రాజు ఖాళీ బుట్టలతోనే వెళ్ళిపోయాడు.

ఈ సంగతి తెలిసి సమాజం భగ్గుమంది. నిరసన సభకు కుర్చీలు చాలలేదు. కామేశంగారు కంటతడి పెట్టారు. అచ్యుతరావుగారు బల్ల గుద్ది, "మా కంఠంలో ప్రాణం ఉండగా ఒక్క శిశువును కూడా అప్పగించం!" అన్నారు. మర్నాడు రిక్షాలు కట్టించుకుని అందరూ ప్రయోగశాలకు వెళ్ళారు. అక్కడి అధికారి బెంగాలీ పెద్దమనిషి. అచ్యుతరావుగారి ఉపన్యాసం మొత్తం ఓపికగా విన్నాడు. విని, "ఠీక్ ఆఛే దాదా, ఉంచుకోండి. ప్రసాదాలు తిని బలిసిపోయాయట, మా పరీక్షలకు పనికిరావు. కలకత్తా నుంచి కొత్తవి తెప్పించుకున్నాం" అన్నాడు.

గెలిచినవారు ఏదో ఒకటి అనాలి. "ఎప్పటిదాకా ఉంచుకోవాలి?" అని కామేశంగారు నెమ్మదిగా అడిగారు.

"అవి బతికినంతకాలం" అన్నాడు అధికారి.

వారం తిరగకుండా చాలా సంగతులు బయటపడ్డాయి. కామేశంగారికి బదిలీ కావచ్చునట. స్వర్ణకుమారిగారికి బొచ్చు పడదట. సరోజాదేవిగారికి అసలు పేరు గుర్తొచ్చింది.

ఒకరోజు పొద్దున శ్యామలాంబ తలుపు తీసేసరికి వరండా నిండా బుట్టలు. అన్నిట్లోనూ ఈలలు. ఒక్కదాంట్లోనూ బొంత లేదు. అప్పుడే వచ్చిన అప్పలనర్సమ్మ ఒక్కొక్క బుట్టా చూసింది.

"బొంతలేవమ్మా?"

"ఉంచుకున్నారు."

"పానాలొగ్గేసి గుడ్డలట్టుకుపోనారా! ఏటి మనుసులమ్మా ఈల్లు!"

అచ్యుతరావుగారు బుట్టలు చూసి లోపలికి వెళ్ళారు. కాసేపటికి బయటికొచ్చి, పరిపాలనాసౌలభ్యం దృష్ట్యా అధికారిని బతిమాలి వీటిని ప్రయోగశాలకే గుట్టుగా పంపేస్తే బాగుంటుందేమో అన్నారు. చుక్కమ్మను గుచ్చకుండా చూడమని ప్రత్యేకంగా సిఫారసు చేస్తామన్నారు.

శ్యామలాంబ ఆయన ముఖంలోకి చూసింది. "సభలో బల్ల గుద్ది చెప్పారే, అది ఇంట్లో కూడా ఒకసారి చెప్పండి."

ఆయన నోరు తెరిచారు. వేదిక లేదు, మైకు లేదు, ఎదురుగా అప్పలనర్సమ్మ. ఆయనకు ఉపన్యాసం రాకపోవడం అదే మొదటిసారి. చొక్కా తొడుక్కుని నూకయ్య ఇంటికి వెళ్ళారు. సాయంత్రానికి ఇద్దరూ కలిసి చెక్కపెట్టెలు తెచ్చి గూళ్ళు కట్టారు. మేకు కొట్టబోయి ఆయన వేలు కొట్టుకున్నారు గాని, ఆ గూడు నిలిచింది. ఆడవాళ్ళిద్దరూ కూర్చుని ఉన్న పీలికలన్నీ కలిపి బొంతలు కుట్టారు. చాలకపోతే అచ్యుతరావుగారి పాత పంచెలు అందులో కలిశాయి. ఆయన అడ్డు చెప్పలేదు.

సమాజం తన బాధ్యత మరువలేదు. వరాహ శిశువుల ప్రాణరక్షణకు గాను సరోజాదేవిగారికి 'జీవకారుణ్యమణి' బిరుదుతో ఘనంగా సన్మానం జరిపింది. చివర అచ్యుతరావుగారు కట్టుకట్టిన వేలుతో మైకు ముందుకు వచ్చి, "మా ఇంట్లో చోటు చాలడం లేదు. దయచేసి ఒక్కొక్కరు ఒక జత తీసుకువెళ్ళండి" అన్నారు. అంత చిన్న ఉపన్యాసం ఆయన నోట ఎవరూ వినలేదు. సభికులు టీ తాగి, బిస్కట్లు తిని, ఇంత మంచి మాట చెప్పినందుకు ఆయన్ను మెచ్చుకుని, ఖాళీ చేతులతో వెళ్ళిపోయారు.

ఇంతవరకు చదివిన మీరు శ్యామలాంబ పక్షమేనని, మలంచావాళ్ళను చూసి నవ్వుకున్నారని మాకు తెలుసు. చుక్కమ్మ మళ్ళీ ఈనింది. పిల్లలు ముద్దుగా ఉన్నాయి, బొంతతో సహా ఉచితం. మీ చిరునామా చెబితే సుందర్ రాజు సైకిలు మీద తెచ్చి ఇస్తాడు.

చెప్పండి, రాసుకుంటున్నాం.