మా బోటు టాయిలెట్ వైభవం

ఇంట్లో టాయిలెట్ అవసరం. బోటులో టాయిలెట్ వైభవం! ఈ తేడా తెలియనివారు ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు.

కువైట్‌లో మేం మూడు కుటుంబాలవాళ్లం కలిసి ఒక సెకండ్‌హ్యాండ్ బోటు కొన్నాం. ఇంజన్ సంగతి ఒక్క సాయంత్రంలో తేలిపోయింది. టాయిలెట్ సంగతి తేలడానికి చలికాలమంతా పట్టింది! చేతి పంపుదా? మీట నొక్కేదా? మోసుకెళ్లి పారబోసుకునే డబ్బానా? నేనూ, కౌశల్, సూర్యకిరణ్ దీనికోసం వాట్సాప్ గ్రూపు పెట్టుకుని మరీ కొట్టుకున్నాం. ముగ్గురం ఇంజనీర్లమే, ఇక తేలుతుందా? చివరికి అల్ రాయ్‌లో షాపువాడు విసుగెత్తి "యల్లా, ఖలాస్", అంటే ఇక చాలు పదండి, అంటూ షట్టర్ దించబోతే, ఎదురుగా కనిపించిన చేతి పంపుదే కొనేశాం.

మొదటి శుక్రవారం సెలవుకే షికారు. కౌశల్ టాయిలెట్లో ఒక బకెట్టూ మగ్గూ పెట్టాడు. మనవాళ్లం కదా, మగ్గు లేనిదే మనసొప్పుతుందా? టాయిలెట్ కింద ట్యాంకేమో చిన్నది. ఒడ్డు దగ్గర సముద్రంలోకి వదలకూడదు. సూర్యకిరణ్ ఒక్కడే లోపలికెళ్లి, మగ్గు మీద మగ్గు పోసి, గోడలు కూడా కడిగి, తృప్తిగా బయటికొచ్చాడు. ట్యాంకు నిండిపోయి ఎర్రలైటు వెలిగింది. పులిహోర డబ్బా మూత తీయకముందే బోటు వెనక్కి తిప్పాం.

ఆ రోజే నాకు జ్ఞానోదయమైంది. మెయింటెనెన్స్ అంటే ఏమిటి? వాడకపోవడం! వెంటనే తాళం వేసి, తాళంచెవి నా మెడ గొలుసుకు తగిలించుకున్నాను.

ఇప్పుడొచ్చి చూడండి! వాసన లేదు, మరక లేదు, పంపు రబ్బరు అరగలేదు. ప్రతి శుక్రవారం నేనే తలుపు తీసి అగరొత్తి వెలిగిస్తాను. పక్క బోట్లవాళ్లు వస్తే చెప్పులు విప్పించి చూపిస్తాను. ఒకాయన ఫొటో కూడా తీసుకున్నాడు.

మరి అవసరం పడితే అంటారా? మగవాళ్లం, బోటుకు వెనక వైపుంది, అంత పెద్ద సముద్రముంది. ఇక ఆడవాళ్ల సహకారం చెప్పనలవి కాదు. మా ఆవిడ రాజ్యశ్రీ గురువారం సాయంత్రం నుంచే మంచినీళ్లు మానేస్తుంది. మే నెల ఎండలో మజ్జిగ ఇచ్చినా వద్దంటుంది, పుచ్చకాయ ముక్క ముట్టదు. ఎంత క్రమశిక్షణ! ఆ మధ్య మూత్రంలో మంటని వెళితే, నీళ్లు బాగా తాగమన్నాడట డాక్టరు. పాపం, ఆయనకు బోటు లేదు.

మొన్న శుక్రవారం రాజ్యశ్రీ బోటు ఎక్కలేదు. ఒడ్డున బెంచీ మీద కూర్చుని పెద్ద నీళ్ల సీసా మూత తీసింది. ఆలస్యమవుతోందని పిలిచాను.

"ఏ టాయిలెట్ కొనాలా అని చలికాలమంతా కొట్టుకున్నారు కదండీ" అంది నింపాదిగా. "అది ఎవరికి కావాలో ఒక్కరైనా అడిగారా?"

తర్వాత నన్నే చూస్తూ సీసా మొత్తం తాగేసింది. కౌశల్ భార్యా, సూర్యకిరణ్ భార్యా కూడా బోటు దిగి ఆమె పక్కన కూర్చున్నారు.

బోటు బయల్దేరింది. అందులో మగవాళ్లం ముగ్గురం, మాలో ఎవరికీ అక్కర్లేని ఒక టాయిలెట్.