ఇనప్పెట్టెలో పళ్ళ సెట్టు

ఆ ఉదయం కట్టుడు పళ్ళ టెక్నీషియన్ వేసుకున్న పథకంలో మెలికలేమీ లేవు. కాఫీ తాగడం, ఇనప్పెట్టె తెరవడం, అందులోంచి మైకుగారి పళ్ళ సెట్టు తీసుకెళ్ళి రెండు వీధుల అవతల డాక్టరమ్మ క్లినిక్‌లో ఇవ్వడం, ఇంటికొచ్చి రెండో కాఫీ తాగడం. మొదటి కాఫీ వరకూ అంతా సవ్యంగానే జరిగింది.

మైకుగారంటే బ్యాంకులో స్ట్రాంగ్ రూము తాళాలు చూసుకుంటూ రిటైరైన పెద్దమనిషి. రిటైరయ్యాక ఆయన చేతికి మైకు దొరికింది. దొరికిన మైకును తనంతట తాను వదిలిన దాఖలా లేదు కనక ఆ పేరు స్థిరపడిపోయింది. పాత పళ్ళ సెట్టు వాష్ బేసిన్‌లో పడి రెండు ముక్కలైంది. ఈ రోజు పదకొండింటికి ఆయన చదువుకున్న కాలేజీ వందేళ్ళ సభ, ముఖ్య వక్త ఆయనే. పళ్ళు లేకుండా ఆయన సభలో సరే, సొంత మనవడి ముందు కూడా నోరు విప్పరు.

టెక్నీషియన్‌కి వచ్చే పనిలో ముప్పాతిక వంతు డాక్టరమ్మ పంపేదే. పోయిన నెల ఒక పన్ను క్యాప్ తయారుచేసి బల్ల మీద పెడితే, భార్య దాన్ని ప్లాస్టర్ పొడితో కలిపి ఊడ్చేసింది. డాక్టరమ్మ అరవలేదు. "ఇంకొక్కసారి ఇలా జరిగితే నేను వేరే ల్యాబ్ చూసుకుంటానండీ" అని మెల్లిగా అంది. అరిచి ఉంటే అతను ఇంత భయపడేవాడు కాదు.

ఆ భయంతోనే ఇనప్పెట్టె కొన్నాడు. ఇంటి ముందుగదే అతని ల్యాబ్. పెట్టెను పనిబల్ల పక్కన, చేతికందే ఎత్తులో ఒక దిమ్మ మీద పెట్టించాడు. దానికి తాళంచెవి ఉండదు. తలుపు మీద అంకెల బటన్లు, పక్కన చిన్న దీపం ఉంటాయి. సరైన ఆరంకెలు కొడితే దీపం పచ్చగా వెలుగుతుంది, అప్పుడు పిడి తిప్పాలి. కంపెనీవాడు పెట్టిన నెంబరును కొన్నవాళ్ళు మార్చుకోవాలి. ఆ కార్యక్రమం నిన్న సాయంత్రం బావమరిది చేతుల మీదుగా జరిగింది. అతను సెల్‌ఫోన్ల కొట్లో పనిచేస్తాడు. బటన్లున్న వస్తువేదైనా తన శాఖ కిందికే వస్తుందని అతని నమ్మకం.

"తలుపు తెరిచి ఉంచే మార్చాలి బావా. పాత నెంబరు ఒకసారి, కొత్తది రెండుసార్లు. అక్క పుట్టినరోజు పెట్టేద్దామా?"

"వద్దురా. అది నాకు గుర్తుండదు" అని టెక్నీషియన్ ఉన్న మాట చెప్పాడు. వంటింట్లో గిన్నె ఒకటి అవసరానికి మించి చప్పుడు చేసింది.

అతనికి గుర్తుండేవి పళ్ళే. పళ్ళ వృత్తిలో ప్రతి పన్నుకీ ఒక నెంబరుంటుంది. పై కుడి కోరపన్ను పదమూడు, పై ఎడమది ఇరవైమూడు, కింది ఎడమది ముప్ఫైమూడు. మూడు కోరపళ్ళు కలిస్తే ఆరంకెలు. అవే పెట్టారు, తలుపు మూయకముందే కొట్టి చూశారు, చక్కగా పనిచేశాయి. ఇందులో ఎవరి తప్పూ లేదు.

తప్పు పొద్దున జరిగింది. కాఫీ తాగాక టెక్నీషియన్ ఊరుకోకుండా ఇంకో సెట్టుకు గులాబీరంగు మైనం అద్దాడు. ఆ వేలితోనే వచ్చి నెంబరు కొట్టాడు. మైనం మూడు అంకె బటన్ అంచులోకి దిగింది. అతని ఆరంకెల నెంబరులో మూళ్ళు నాలుగున్నాయి. బటన్ ఒకసారి నొక్కితే రెండుసార్లు పడింది, రెండుసార్లు నొక్కితే ఒకసారి పడింది. ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ కొట్టాడు, మళ్ళీ ఎరుపు. నాలుగోసారి కూడా తప్పయ్యాక తాళం పొడుగ్గా కుయ్యిమని, దీపం మిణుకుమిణుకుమంటూ ఉండిపోయింది.

ఈ తాళానికి ఒక గుణం ఉంది. వరసగా నాలుగుసార్లు తప్పు కొడితే, దొంగ వచ్చాడనుకుని ఐదు నిమిషాలు బిగుసుకుపోతుంది. ఆ ఐదు నిమిషాల్లో ఎవరు ఏ బటన్ ముట్టుకున్నా లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. సరైన నెంబరు కొట్టినా అంతే. ఇదంతా కంపెనీవాడిచ్చిన పుస్తకంలో ఉంది. బావమరిది దాన్ని చదవనక్కర్లేదన్నాడు. టెక్నీషియన్ దాని మీద తడి ప్లాస్టర్ అచ్చు ఆరబెట్టాడు. పేజీలు అతుక్కుపోయి, ఇప్పుడా పుస్తకం తెరుచుకోకపోవడంలో ఇనప్పెట్టెకు ఏమీ తీసిపోవడం లేదు.

"ఏమైందండీ?" అంటూ భార్య వచ్చింది.

"నా నెంబరు నన్నే కాదంటోందే."

ఆమె బటన్ల వైపు చూసి మొహం చిట్లించింది. "ఇంత మైనం పూస్తే అది మాత్రం ఏం చేస్తుంది?" అని తడిగుడ్డ తెచ్చి బటన్లన్నీ శుభ్రంగా తుడిచింది. మైనం పోయింది. తాళానికి ఇక ఏ రోగమూ లేదు. కాకపోతే ఆ తుడవడంలో పది బటన్లూ రెండేసిసార్లు నొక్కుకుపోయి, ఐదు నిమిషాలు మళ్ళీ మొదలయ్యాయి. టెక్నీషియన్ ఆత్రంగా మూడు కోరపళ్ళూ కొట్టాడు. కుయ్యిమంది. ఇంకా ఆత్రంగా కొట్టాడు. అదే సమాధానం.

డాక్టరమ్మ ఫోన్ చేసింది. "పెద్దాయన వచ్చి కూర్చున్నారండీ. మీరెక్కడున్నారు?"

"బయల్దేరాను మేడమ్, దారిలోనే" అన్నాడు, చేత్తో ఇంకో బటన్ నొక్కుతూ.

"ఏంటా కూత?"

"సిగ్నల్ దగ్గర ఉన్నానండీ."

ఆ దారిలో సిగ్నల్ లేదని ఇద్దరికీ తెలుసు. డాక్టరమ్మ ఫోన్ పెట్టేసింది.  ఇంటి అద్దె, పిల్ల కాలేజీ, ఈ గదిలో ఉన్న ప్రతి పనిముట్టూ ఆ ఒక్క క్లినిక్ మీదే ఆధారపడి ఉన్నాయి.

కబురందుకున్న బావమరిది వస్తూనే చెప్పులు ఒక మూలకు విసిరి పెట్టె ముందు గొంతుక్కూర్చున్నాడు.

"కంగారు పడకు బావా. కొత్త నెంబరు మర్చిపోయినా ఇది పుట్టింటి నెంబరు మర్చిపోదు. అచ్చం మా అక్కలాగే."

"పుట్టింటి నెంబరేంటిరా?"

"కంపెనీ నెంబరు." అని దాన్ని కొట్టాడు. వెనక నుంచి కొట్టాడు. తర్వాత, ఎందుకైనా మంచిదని, అక్క పుట్టినరోజు కూడా కొట్టాడు. ప్రతిసారీ తాళం కుయ్యిమని, ఐదు నిమిషాల పాత పద్దు చెరిపేసి కొత్త పద్దు రాసుకుంది.

"నిన్న నువ్వే ఏదో చేశావు."

"నేనా? నిన్న నీ ముందే పనిచేసింది కదా. కోరపళ్ళూ దవడపళ్ళూ పెట్టమని నేను చెప్పానా?"

"మా తమ్ముణ్ణి ఏమీ అనకండి. మైనం పూసింది మీరు" అంది భార్య.

అలా ముగ్గురూ మాటామాటా అనుకుంటుండగా మైకుగారు గుమ్మంలో కనిపించారు. సభకు వేసుకున్న తెల్లబట్టలు, నోటికి అడ్డంగా జేబురుమాలు. క్లినిక్‌లో కూర్చుని కూర్చుని ఓపిక నశించి నడిచి వచ్చేశారు. టెక్నీషియన్ గబగబా ఎదురెళ్ళాడు.

"మీ పళ్ళు భద్రంగా ఉన్నాయండీ" అన్నాడు. "కాస్త ఎక్కువ భద్రంగా ఉన్నాయి, అంతే."

మైకుగారు పెట్టెను చూశారు. మిణుకుతున్న ఎర్రదీపాన్ని చూశారు. ఇలాంటి తాళాలతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. ఆయనకు ఒక్క చూపు చాలింది. రుమాలు తియ్యకుండానే ఏదో అన్నారు. గుడ్డ వెనక నుంచి గాలి తప్ప ఇంకేమీ బయటకు రాలేదు. ఇక లాభం లేదని, కుడిచెయ్యి పైకెత్తి ఐదు వేళ్ళూ విప్పి చూపించారు.

"ఐదు నొక్కమంటున్నారు" అన్నాడు బావమరిది, నొక్కాడు. కుయ్యిమంది.

మైకుగారు గట్టిగా తల అడ్డంగా ఊపి, ఐదు వేళ్ళనూ మళ్ళీ మళ్ళీ ఊపారు.

"ఒక్కసారి కాదురా, చాలాసార్లు నొక్కాలిట" అంది అక్క. ఐదును ఆరుసార్లు నొక్కారు. ఈసారి ఆయన రుమాలు పళ్ళు లేని చిగుళ్ళతోనే కరిచి పట్టుకుని, రెండు చేతులూ ఎత్తి, ఆగండి ఆగండి అన్నట్టు ముందుకు తోశారు.

"రెండు చేతులు. పది" అన్నాడు టెక్నీషియన్. ఒకటీ సున్నా కొట్టాడు.

మైకుగారు కళ్ళు మూసుకున్నారు. తెరిచి, అరచేతి మీద వేలితో రాస్తున్నట్టు చూపించారు. కాగితం, పెన్ను కావాలి. ఆ మాత్రం టెక్నీషియన్‌కి అర్థమైంది. ఎందుకో కూడా అర్థమైందనుకున్నాడు.

"వద్దండీ" అని రెండు చేతులూ జోడించాడు. "రాతకోతలు వద్దండీ. డాక్టరమ్మకి మీరు కంప్లైంటు రాసిస్తే నా బతుకు వీధిన పడుతుంది. పదింటిలోపు ఎలాగైనా తీస్తాను."

బావమరిది మరీ ముందుచూపున్నవాడు. బల్ల మీదున్న ఒకే ఒక్క పెన్సిల్ తీసి జేబులో వేసుకున్నాడు.

అప్పుడు మైకుగారు ఒక పని చేశారు. గోడవారనున్న కుర్చీ లాక్కొచ్చి, ఇనప్పెట్టెకు ఆనించి వేసి, బటన్లకు వీపు పెట్టి కూర్చున్నారు. చేతులు కట్టుకున్నారు. ఎవరైనా దగ్గరకొస్తే కాలు చాపి అడ్డం పెట్టారు.

"ధర్నాకి కూర్చున్నారు బావా" అన్నాడు బావమరిది గుసగుసగా.

"లేవండి సార్, మీకు దణ్ణం పెడతాను. టైమైపోతోంది" అన్నాడు టెక్నీషియన్. ఆయన కదల్లేదు. బతిమాలారు, కాఫీ ఇస్తామన్నారు. కాఫీ అన్నప్పుడు మాత్రం ఆయన కొంచెం చలించారు, కానీ లేవలేదు. ఆయన వీపు వెనక తాళం, పొద్దుటి నుంచి మొదటిసారి, తన మానాన తను లెక్క పెట్టుకుంటోంది. మిణుకు నెమ్మదించింది. ఇంకొక్క అర నిమిషం ఓపిక పడితే చాలు.

గుమ్మంలో డాక్టరమ్మ నిలబడింది.

స్త్రీలు గదిలోకి వస్తే లేచి నిలబడటం మైకుగారికి కుర్రతనం నుంచి ఉన్న అలవాటు. లేచారు. డాక్టరమ్మ టెక్నీషియన్ వైపు చూడను కూడా చూడకుండా, "ఇదేనా మీరు చెప్పిన సిగ్నల్?" అంటూ నేరుగా పెట్టె దగ్గరికొచ్చింది. "అసలు ఇది పనిచేస్తోందా?" అని ఒక బటన్ నొక్కి చూసింది.

కుయ్యిమంది.

మైకుగారి నోటి నుంచి రుమాలు జారిపోయింది. పళ్ళు లేని నోరంతా తెరిచి ఆయన ఒక్క అరుపు అరిచారు. అందులో మాట లేదు. అయినా ముట్టుకోవద్దనే అర్థం గదిలో నలుగురికీ ఒకేసారి తెలిసింది. ఆయన గబగబా రుమాలు వెతుక్కుంటుంటే టెక్నీషియన్‌కి చాలా సిగ్గేసింది. ఆ చిగుళ్ళ అచ్చు ఇన్నాళ్ళూ తన చేతుల్లోనే తిరిగింది. అది ఒక మనిషి దాచుకున్న నోరని ఇప్పుడే తోచింది. వంగి రుమాలు తీసి ఆయన చేతికిచ్చి, తనే కుర్చీ సర్దాడు.

మైకుగారు మళ్ళీ కూర్చుని ఐదు వేళ్ళు చూపించారు. ఈసారి ఎవరూ ఏమీ నొక్కలేదు.

"నిమిషాలాండీ?" అన్నాడు టెక్నీషియన్. ఆయన తల ఊపారు.

ఆ ఐదు నిమిషాలు గడిచిన తీరు చెప్పడం కష్టం. భార్య తమ్ముడి రెండు చేతులూ గట్టిగా పట్టుకుంది. మైకుగారి జేబులో ఫోన్ మోగింది, సభవాళ్ళు. అది మోగి మోగి ఆగింది, మళ్ళీ మోగింది. డాక్టరమ్మ రెండుసార్లు గడియారం చూసుకుని, మూడోసారి చూసుకోబోయి మానేసింది. మైకుగారి భుజం మీదుగా ఎర్రదీపం టెక్నీషియన్‌కి కొద్దిగా కనిపిస్తోంది. మిణుకుతోంది. ఇంకా మిణుకుతోంది. ఆరిపోయింది.

మైకుగారు లేచి పక్కకు జరిగారు. టెక్నీషియన్ వేలు చొక్కాకు తుడుచుకుని, పదమూడు, ఇరవైమూడు, ముప్ఫైమూడు, ఒక్కో అంకే ఆగి ఆగి కొట్టాడు. పచ్చదీపం వెలిగింది.

పళ్ళు కడిగి డాక్టరమ్మే స్వయంగా పెట్టింది. మైకుగారు అటు తిరిగి ఒకసారి దవడలు ఆడించి, ఇటు తిరిగి మొదలుపెట్టారు.

"సిగ్గూ శరమూ ఉండాలి మనుషులకి. స్ట్రాంగ్ రూములో ముప్ఫై ఏళ్ళు పనిచేసినవాణ్ణి, ఐదు నిమిషాలు ఊరుకోండర్రా అంటే ఐదు నొక్కుతారా? పెన్సిలడిగితే దాచేస్తారా? సహనం, శాంతం, సంస్కారం, ఒక్కటీ లేదే? ఆ తాళానికున్నపాటి బుద్ధి కూడా లేదా ఈ ఇంట్లో ఎవరికీ? ఆఖరి నొక్కుడు నొక్కింది నువ్వేనమ్మా డాక్టరమ్మా, చదువుకున్నదానివి."

బావమరిది పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టేశాడు. టెక్నీషియన్ మాత్రం తిట్లు వినడం లేదు, పళ్ళను వింటున్నాడు. అంత వేగంలోనూ పై సెట్టు జారలేదు. కింది సెట్టు టక్కుమనలేదు. స, శ రెండూ దేనికది స్పష్టంగా పలుకుతున్నాయి. కొత్త సెట్టుకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఎవరూ పెట్టలేరు. తిట్టే కొద్దీ అతని మొహం విచ్చుకుంటోంది. పక్కకు చూస్తే డాక్టరమ్మ కూడా తల వంచి అదే వింటోంది.

"ఒక్కసారి కూడా కదల్లేదండీ" అంది మెల్లిగా.

"కదలదు మేడమ్."

"రేపు ఇంకో రెండు అచ్చులు పంపిస్తాను." తలుపు దాకా వెళ్ళి ఆగింది. "ఆ పెట్టె తలుపు మాత్రం తీసే ఉంచండి."

మైకుగారిని ఆమే కార్లో ఎక్కించుకుని తీసుకెళ్ళింది. కారు మలుపు తిరిగేదాకా ఆయన గొంతు వినిపిస్తూనే ఉంది. టెక్నీషియన్ కుర్చీలో కూలబడ్డాడు, భార్య అడక్కుండానే రెండో కాఫీ తెచ్చిచ్చింది.

సభకు వెళ్ళొచ్చిన బావమరిది చెప్పిన దాని ప్రకారం, మైకుగారు ఐదు నిమిషాల్లో ముగిస్తానని మొదలుపెట్టి, మధ్యలో ఎవరు కదిలినా మళ్ళీ మొదటికొచ్చారట.