ఏనుగు పార్కులో కొత్త కౌంటర్

ఆ ఆదివారానికి దేవనాథన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఉదయం ఆరున్నరకు ఓ యాభైమంది ఏనుగు పార్కుకు రావాలి. ఆయన చెప్పే చరిత్ర వింటూ పార్కంతా ఒక చుట్టు నడవాలి. ఏడున్నరకు పార్కుల అధికారి హరినాథ్ వచ్చి ఆ యాభైమందినీ కళ్ళారా చూడాలి. ఆ తర్వాత అందరూ పులిహోర తిని ఇళ్ళకు పోవచ్చు.

"జనం రాని పార్కు ఎందుకని పైవాళ్ళు అడుగుతున్నారు సార్. కార్ల పార్కింగుకు ఇచ్చేయమంటున్నారు. ఒక్క యాభైమందిని చూపించండి, నేను మాట్లాడతాను" అని హరినాథ్ వారం కిందట చెప్పాడు. పాపం, మంచివాడే. మంచివాళ్ళ వల్ల జరిగే నష్టం ఎంతటిదో దేవనాథన్‌కు అప్పటికింకా తెలియదు.

దేవనాథన్ సాంఘికశాస్త్రం మాస్టారుగా రిటైరై తొమ్మిదేళ్ళు. ఆ తొమ్మిదేళ్ళూ ఆయన రాసింది ఏనుగు పార్కు చరిత్రే. ఒకప్పుడు అది కనకాంబరాల తోట అనీ, పిల్లలు లేని ఓ పూలమ్మే ఆవిడ దాన్ని ఊరికి రాసిచ్చిందనీ పాత కాగితాలు తిరగేసి కనిపెట్టాడు. పార్కులోని రేడియో గదిలో సాయంత్రం వార్తలు వినడానికి ఊరంతా వచ్చేదని రాశాడు. తొండం మీదుగా మూడు తరాల పిల్లలు జారిన సిమెంటు ఏనుగు గురించి ఒక అధ్యాయం, నాగలింగం చెట్టు గురించి ఒక అధ్యాయం, ఎప్పుడో ఆగిపోయిన పిల్లల రైలు గురించి రెండు అధ్యాయాలు. చదివినవాళ్ళు మాత్రం ఒక్కరే, ఆయన భార్య వకుళాదేవి. ఆమె కూడా రైలు దగ్గరే ఆగిపోయింది.

అయినా ఆయన దిగులు పుస్తకం గురించి కాదు. తిరుపతిలో ఏమీ కొనకుండా, ఏదీ మొక్కుకోకుండా, ఎవరూ తోసేయకుండా మనిషి ఊరికే కూర్చోగల చోటు ఆయనకు తెలిసి అదొక్కటే. అది పోతే తను ఎక్కడికి పోవాలో ఆయనకు తెలియదు.

ఆరింటికే గేటు బయట బల్ల వేసి, రెండు కర్రలకు తాడు కట్టి, గుండ్రటి దస్తూరితో రాసిన అట్ట తగిలించాడు. జనాన్ని రెండు జట్లుగా తిప్పాలి కాబట్టి యాభై చీటీలు కూడా నంబర్లు వేసి పెట్టుకున్నాడు. అట్ట మీద ఇలా ఉంది: "నడకకు వచ్చువారికి టోకెన్లు ఇచ్చట ఇవ్వబడును."

ఏ ఊళ్ళోనైనా ఆ వాక్యం నిరపాయమైనదే. తిరుపతిలో నడకంటే కొండకు నడక. టోకెన్ అంటే దర్శనం టోకెన్. ముప్పై నాలుగేళ్ళు పిల్లల జవాబుల్లో తప్పులు దిద్దిన మనిషికి ఆ సంగతి తట్టలేదు.

ఆరున్నర దాటింది. పురుగు కూడా రాలేదు.

"నేను ముందే చెప్పానండీ. మీ క్లాసులోనే పిల్లలు గోడ దూకేవాళ్ళు" అంది వకుళాదేవి పులిహోర గిన్నె సర్దుతూ.

"ఎవరూ లేని చోటికి ఎవరొస్తారు వకుళా! నువ్వూ మునస్వామీ కాసేపు తాడు పక్కన నిలబడండి."

పార్కు వాచ్‌మన్ మునస్వామి తలగుడ్డ సవరించుకుని నిలబడ్డాడు. అతని వెనక వకుళాదేవి. ఆమె వెనక దేవనాథన్ కూడా నిలబడ్డాడు. తిరుపతిలో ముగ్గురు ఒకరి వెనక ఒకరు నిలబడితే నాలుగోవాడు ఎందుకని అడగడు. ముందు నిలబడతాడు, తర్వాత అడుగుతాడు.

నాలుగో మనిషి బంగారుపాళ్యం నుంచి తెల్లారి బస్సుకు దిగిన చెంగమ్మ. ఆమె వెనక ఆమె ఊరివాళ్ళు పదకొండు మంది. వాళ్ళ వెనక ఎవరో, ఆ ఎవరో వెనక ఇంకెవరో. దేవనాథన్ బల్ల దగ్గరికి వెళ్ళి పంచితే పది నిమిషాల్లో చీటీలన్నీ అయిపోయాయి. దేవనాథన్ కళ్ళు చెమర్చాయి. చరిత్ర మీద జనానికి ఇంత ప్రేమ ఉందనుకోలేదాయన.

"పేరు చెప్పమ్మా" అన్నాడు ముందున్న చెంగమ్మతో, పేర్లు రాసుకోవడానికి కాగితం తీసి.

చెంగమ్మ కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు చేతిలో పెట్టింది. "మా వోళ్ళవి గూడా ఈడనే ఉండాయి నాయనా. మాకు ఎన్ని గంటలకి పడతాది దర్శనం?"

దేవనాథన్ కార్డు తిరిగి ఆమె చేతిలో పెట్టేశాడు.

"అమ్మా, ఇది దర్శనానికి కాదు. ఇక్కడ అలాంటి టోకెన్లు లేవు."

"ఇట్లే సెప్తారప్పా" అన్నాడు వెనకనుంచి ఒకాయన. "మనం పోతానే సొంతవోళ్ళకి ఇచ్చేస్తారు. ఎవురూ కదలొద్దండి!"

ఎవరూ కదల్లేదు. ఒకాయన ఫోన్‌తో వరుసను ఫొటో తీసి తెలిసినవాళ్ళందరికీ పంపేశాడు. కాసేపటికి బస్టాండు నుంచి ఆటోలు రావడం మొదలైంది. మరి కాసేపటికి రేణిగుంట స్టేషన్ నుంచి కూడా వచ్చాయి.

"అయ్యోరా, జనం మూలమలుపు దాటేసినారు" అని మునస్వామి పరిగెత్తుకొచ్చాడు. "ఆటోవోళ్ళు కొత్త కౌంటరు, కొత్త కౌంటరు అని అరస్తా ఉండారు. ఏమి సేసేది?"

దేవనాథన్ అట్ట పీకి చంకలో పెట్టుకుని పార్కులోకి నడిచాడు. కౌంటరు లోపలికి మార్చారని జనం ఆయన వెంటే నడిచారు. వరుస ఏనుగు చుట్టూ తిరిగి, రైలు పట్టాల మీదుగా పోయి, నాగలింగం చెట్టు కింద మూడు మెలికలు వేసింది. తొమ్మిదేళ్ళుగా ఆయన కలగన్న చరిత్ర నడక అచ్చంగా అదే దారి. వినేవాళ్ళు మాత్రం లేరు.

చివరికి ఆయన రేడియో గదిలోకి దూరి మైకు అందుకున్నాడు. "భక్తులారా! ఇక్కడ టోకెన్లు లేవు. ఇది పార్కు. దయచేసి వెళ్ళిపోండి." ఆ పాత స్పీకరు మొదట దగ్గింది, తర్వాత గురగురమంది. బయటికి వినిపించినవి మూడు మాటలు: భక్తులారా, టోకెన్లు, పార్కు. ఉన్న అనుమానం కూడా తీరిపోయి జనం స్థిమితంగా నేల మీద కూర్చున్నారు.

అంతలో వకుళాదేవికి జాలేసింది. పసిబిడ్డల తల్లులు, ముసలివాళ్ళు, ఎప్పుడు తిన్నారో ఏమో. ఆమె దొన్నెల్లో పులిహోర పెట్టి పంచడం మొదలుపెట్టింది. జనం దాన్ని కళ్ళకద్దుకుని తిన్నారు.

"ఎంత పని చేశావే!" అని దేవనాథన్ తల పట్టుకున్నాడు. "ప్రసాదం కూడా పెట్టాక ఇంకెవరు నమ్ముతారు నన్ను?"

సరిగ్గా ఏడున్నరకు హరినాథ్ జీపు ఆగింది. అతను గేటు దగ్గరే నోరు తెరిచి నిలబడిపోయాడు.

"సార్! యాభైమందిని చూపించమంటే వెయ్యిమందిని తెచ్చారే! అందరూ పార్కు కోసమేనా?"

అబద్ధం ఆడకూడదని పిల్లలచేత వందసార్లు రాయించిన మాస్టారాయన. నాగలింగం చెట్టు వైపు చూశాడు, ఏనుగు వైపు చూశాడు. "ఏదో... అభిమానం" అన్నాడు. ఆ మాట అన్నందుకు సిగ్గేసింది. అంతకంటే ఎక్కువగా ఆశ కలిగింది.

హరినాథ్ ముచ్చటపడి చెంగమ్మను పలకరించాడు. "ఎట్లా ఉందమ్మా పార్కు?"

"శానా బాగుండాది నాయనా! నీడ ఉండాది, నీళ్ళు ఉండాయి, ప్రసాదం పెట్టినారు. టోకెన్లకి వేరే తావున నిలబడితే కాళ్ళు పడిపోతాయి. ఈడైతే ఎంతసేపైనా కూసోవచ్చు."

హరినాథ్ ముఖంలో ముచ్చట పోయి ఆలోచన వచ్చింది. ఫోను తీసి పక్కకు నడిచాడు. దేవనాథన్ అక్కడే బెంచీ మీద కూలబడ్డాడు. పావుగంట తర్వాత హరినాథ్ నవ్వుతూ తిరిగొచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకున్నాడు.

"మీరు గెలిచారు సార్! పార్కింగు రద్దు!"

దేవనాథన్ వకుళాదేవి వైపు చూశాడు. పెళ్ళైన నలభై ఏళ్ళలో ఆమె ఆయన్ని అంత గర్వంగా చూడటం అదే మొదటిసారి.

"జనానికి ఈ చోటే నచ్చిందని పైవాళ్ళకు చెప్పాను. దర్శనం టోకెన్ల కొత్త కౌంటర్లకు వాళ్ళు ఎప్పటినుంచో స్థలం వెతుకుతున్నారంట. రేపే కొలతలు. షెడ్లు ఈ చివరినుంచి ఆ చివరికి వస్తాయి. ఏనుగూ రైలూ అడ్డమే, తీసేస్తాం. చెట్టు కూడా..."

"చెట్టెందుకు సార్? నీడ బాగుందనే కదా జనం అన్నది?" అన్నాడు దేవనాథన్.

"షెడ్డు వేశాక నీడ ఉంటుంది కదా సార్."

దేవనాథన్ లేచి నిలబడ్డాడు. ఇక దాచడానికి ఏమీ మిగల్లేదు. "హరినాథ్ గారూ, నేను అబద్ధం చెప్పాను. వీళ్ళెవరూ పార్కు కోసం రాలేదు. నా అట్ట చూసి పొరపాటున వచ్చారు."

హరినాథ్ ఆయన భుజం తట్టాడు. "పొరపాటున పెడితేనే ఇంతమంది వచ్చారంటే, నిజంగా పెడితే ఎంతమంది వస్తారో చూడండి!"

ఆ పైన అతను రేడియో గదిలోకి వెళ్ళి మైకు అందుకున్నాడు. ఈసారి స్పీకరు ఒక్క అక్షరం మింగలేదు. ఈ రోజు టోకెన్ల కోసం బస్టాండు వైపు వెళ్ళాలనీ, వచ్చే నెలనుంచి మాత్రం ఇక్కడే ఇస్తారనీ, ఈ స్థలం ఇక భక్తులదేననీ ప్రకటించాడు.

వెయ్యిమంది చేతులెత్తి ఒక్క గొంతుతో "గోవిందా! గోవిందా!" అన్నారు. పార్కు సంగతి చెప్పడానికి దేవనాథన్‌కు కూడా అంతకంటే సరైన మాట దొరకలేదు.