ముప్పై మూడు గళ్ళ మంట

ఆ శనివారం పొద్దున డేల్ వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా ఆట ముగించి, గడ్డకట్టిన సరస్సు మీద కూర్చుని, మంచుకు బొక్క పెట్టుకుని చేపలు పట్టాలి. గాలం అప్పుడే బండెక్కింది.

ఆట ఆర్విల్ మాస్టారి నేలమాళిగలో. మాస్టారు మాయలోకపు కథ చెబుతారు, తక్కినవాళ్ళు తమ పాత్రలుగా మాట్లాడి పాచికలు వేస్తారు. డేల్ భార్య వెర్నా పదకొండేళ్ళుగా గున్‌హిల్డ్ అనే మంత్రగత్తె. పెళ్ళాం పోరు పడలేక డేల్ ఆమెకు కాపలా వీరుడయ్యాడు. అక్కడ చట్టాలు రెండే. నోట వచ్చిన మాట చేసినట్టే లెక్క. చచ్చిన పాత్ర వివరాలు రాసుకున్న కాగితం గోడకెక్కితే మళ్ళీ దిగదు.

మాస్టారు గళ్ళ కాగితం మీద గీసిన పటంలో ఇద్దరూ సొరంగంలో ఉన్నారు. ఎదురుగా చిన్న గది, అందులో డజను మంది మరుగుజ్జు రాక్షసులు. కత్తులతో తేల్చుకుంటే మధ్యాహ్నం దాటుతుంది. డేల్ గడియారం చూశాడు.

"ఒక్క అగ్నిగోళం విసిరెయ్యవే, పీడా పోతుంది."

"విసిరేశా!" అంది వెర్నా.

ముప్పయ్యేళ్ళు లెక్కలు చెప్పిన మాస్టారు పెన్సిలు చెక్కుకున్నారు. "ఆ మంటకు ముప్పై మూడు గళ్ళ చోటు కావాలమ్మా. గదిలో ఉన్నవి తొమ్మిదే. మిగతా ఇరవై నాలుగూ సొరంగంలోకి వెనక్కొస్తాయి. మీరు అందులో పన్నెండో గడిలో ఉన్నారు."

"అమ్మో! వెనక్కి పరిగెడతా!"

"వెనక ఇనుప తలుపు. ఇందాకే డేల్ తాళం వేసి, తాళంచెవి నూతిలో పడేశాడు."

"నవ్వులాటకన్నాను మాస్టారూ!" అన్నాడు డేల్.

"అన్నావుగా."

డేల్ పటం మీద వేలు పెట్టాడు. "పక్కన కొట్టుగది ఉంది కదా! దాని తలుపు తీసేశా. మంట అటు పోతుంది."

"అందులో నూనె పీపాలున్నాయి," అంది వెర్నా నీరసంగా. "పోయిన వారం నువ్వే దాచావు. నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

మాస్టారు మంటకు మరో ఇరవై గళ్ళు కలిపారు.

వెర్నా గోడవైపు చూసింది. "మా అమ్మ చనిపోయిన వారం కూడా నేను ఇక్కడికొచ్చి గున్‌హిల్డ్‌గానే కూర్చున్నాను మాస్టారూ," అంది.

డేల్ టోపీ నలుపుకున్నాడు. "గున్‌హిల్డ్‌ని కింద పడేసి, డాలుతో సహా పైన నేను పడుకుంటున్నా," అన్నాడు.

పాచికలు దొర్లాయి. రాక్షసులు పోయారు, వీరుడు బూడిదయ్యాడు. గున్‌హిల్డ్ మాత్రం కొనప్రాణంతో బతికింది. వెర్నా కళ్ళు తుడుచుకుంటూ మొగుడి కాగితాన్ని తన చేత్తోనే గోడకు గుచ్చింది.

డేల్ కోటు అందుకున్నాడు. ఇంకా పది కాలేదు. "చచ్చినవాడికి ఇక్కడేం పని? అలా సరస్సుదాకా వెళ్ళొస్తా."

"కూర్చో," అంటూ వెర్నా ఖాళీ కాగితం అతని ముందు పెట్టింది. "కొత్త వీరుణ్ణి రాసుకో. నువ్వింత మంచివాడివని ఇన్నేళ్ళూ తెలియనే లేదయ్యా! మాస్టారూ, ఇకమీదట ఆదివారాలు కూడా ఆడదామా?"

"నాకు ఖాళీయేనమ్మా," అన్నారు మాస్టారు.

ఆ శీతాకాలం సరస్సులో చేపలు బాగా బలిశాయి.