దఫేదారు గారి సీటీ

మా బావ శాంతయ్య వనపర్తి సంస్థానం పోలీసులో దఫేదారు అయిన రోజే మా అక్క అలివేలమ్మకు కష్టకాలం మొదలైంది. ఆ రోజు బావ ఇంటికి ఒక ఇత్తడి సీటీ, అదే పోలీసుల ఈల, తెచ్చాడు. దానితోపాటు పై అధికారి నోట విన్న 'డిసిప్లిన్' అనే మాట కూడా పట్టుకొచ్చాడు.

ఆ మాటకు అర్థం మనిషిని బట్టి మారేది. అక్క కోడి కూయకముందే లేవడం డిసిప్లిన్. ఆమెను లేపి బావ మళ్లీ ముసుగుతన్ని పడుకోవడం కూడా డిసిప్లినేనట. ఠాణాలో తన పై అధికారి జమేదారు గౌస్ పాషా తనను ఎండలో నిలబెడితే మాత్రం దాని పేరు జులుం.

చివరికి భోజనం మీద పడ్డాడు. సీటీ కొట్టగానే వాళ్లింట్లోనే ఉండే నాతో సహా అందరూ వరుసగా కూర్చోవాలి, ఆలస్యమైతే ఆ పూట తిండి లేదు, ఇకపై ఇదే కాయిదా అని హుకుం వేశాడు.

"అందరికా, మాకేనా?" అంది అక్క.

"కాయిదా అంటే అందరికీ. నాకు గూడ," అన్నాడు బావ మీసం తిప్పుతూ.

అక్క మారు మాట్లాడలేదు. అక్క మాట్లాడకపోతే భయపడాలని ఇంట్లో బావకొక్కడికే తెలియదు.

మర్నాడు సీటీ మోగగానే అక్క పొయ్యి మీదివన్నీ వదిలేసి వచ్చి కూర్చుంది. పాలు పొంగిపోయాయి, రొట్టె మాడింది, దూడ లోపలికొచ్చి జొన్నపిండి మెక్కింది. లెమ్మని బావ అరిస్తే, సీటీ కొడితే లేస్తానంది.

అయినా బావకు బుద్ధి రాలేదు. తన ఇంటి డిసిప్లిన్ చూపించి శభాష్ అనిపించుకోవాలని గౌస్ పాషాను భోజనానికి పిలిచాడు. కోడిని మసీదు దగ్గర కోయించి తెచ్చాడు. పొద్దుటి నుంచీ ఆ కూర వాసనకు లొట్టలు వేస్తూనే ఉన్నాడు. జమేదారు వచ్చే వేళకు యూనిఫాం తొడిగి, వంగితే అడ్డొస్తోందని సీటీ గూట్లో పెట్టి, కాళ్లకు పోలీసు గుడ్డపట్టీలు చుట్టసాగాడు. ఒక కాలికి చుట్టేలోగా రెండో కాలిది జారిపోయేది.

జమేదారు వచ్చి చాప మీద కూర్చున్నాడు. అక్క తలమీదికి కొంగు లాక్కుని, సీటీ తీసి గట్టిగా ఊదింది. బావ ఒక పట్టీ ఈడ్చుకుంటూ వచ్చేసరికి జమేదారు రెండో రొట్టెలో ఉన్నాడు.

"ఆలస్యమొచ్చినోళ్లకు బువ్వ లేదు సాబ్. మా ఇంటాయన పెట్టిన కాయిదా," అంది అక్క.

గౌస్ పాషా బావ కాళ్లకేసి చూశాడు. "కాయిదా మంచిగుంది శాంతయ్యా. జర సీదా నిలబడు," అని కోడికాలు అందుకున్నాడు.

బావ సీదాగా నిలబడ్డాడు, కళ్లు మాత్రం ముక్కల వెంట తిరిగాయి. నాకు చాలా జాలేసింది. ముందే వచ్చి కూర్చున్నాను కనుక ఆ జాలితోనే తిన్నాను.

జమేదారు వెళ్లాక బావ వంటింటి గడప దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"సీటీ నీ దగ్గర్నే ఉండనియ్," అన్నాడు మెల్లగా.

అక్క దాచిన కూరతో ఒక వేడి రొట్టె పెట్టింది.

ఇప్పుడు పెనం మీద రొట్టె పొంగగానే అక్క సీటీ ఊదుతుంది. బావ అరుగు మీది పులిజూదం సగంలో వదిలేసి పరుగెత్తుతాడు. ఎందుకా పరుగని ఎవరైనా అడిగితే, డిసిప్లిన్ అంటాడు.