కోస్గిలో అర అంగుళం

ఆ మంగళవారం పొద్దున లేస్తూనే మంజుల తన బ్యూటీపార్లర్ అద్దాలు తుడిచి, కుర్చీకి కొత్త కవరు తొడిగింది. ‘కత్తెర రాణి’ టీవీ కార్యక్రమం వాళ్లు పది గంటలకు కోస్గి వస్తున్నారు. చిన్న ఊళ్లలో జుట్టు కత్తిరించే ఆడవాళ్లకు పోటీ అది. కెమెరా ముందు ఒక్క గంటలో ఒకరి రూపు మార్చి చూపాలి. నచ్చితే హైదరాబాదులో ఫైనల్. మగ్గాల ఇంటి కోడలై, ఎనిమిదేళ్లుగా పెళ్లికూతుళ్లకు జడలు వేస్తున్న మంజుల, ఈ గంట కోసం నెల నుంచి ఎదురుచూస్తోంది.

తొమ్మిదింటికి సుస్మిత ఫోన్ చేసింది. నడుము దాకా జుట్టున్న ఆ అమ్మాయే ఇవాళ్టి మోడల్.

"అక్కా, ఏమనుకోకు. మంగళారం జుట్టు కత్తిరిస్తరా అని మా అత్త వాకిట్ల కూసున్నది. నేను రాలేను."

మంజుల చెప్పులేసుకుంటూ తన అత్త సుగుణమ్మతో, "బజార్ల ఎవరన్న దొరుకుతరేమో చూసొస్త అత్తమ్మా. నువ్వు గూడ ఎవర్నన్న పిలువు. జుట్టు మంచిగుంటే చాలు," అంది.

సుగుణమ్మకు బక్కమ్మ మతికొచ్చింది. గొర్రెలు కాసే బీరన్న భార్య ఆమె. కొప్పు చేటంత ఉంటుంది. సుగుణమ్మ ఫోన్ చేసి, "మా కోడలి దుకాణంల కత్తిరించేదుంది, జల్ది రా. టీవోళ్లు గూడ వస్తుండ్రు," అని పెట్టేసింది.

బక్కమ్మ ఇంట్లో కత్తిరించడమంటే గొర్రెల ఉన్ని కత్తిరించడమే. అది మొగుడి పని. అందుకని బీరన్నకు మూరెడు కత్తెర ఇచ్చి వెంటబెట్టుకొచ్చింది. సుగుణమ్మ చాయ్ పెట్టడానికి వెనకింట్లోకి పోయింది. గొర్రెలేవని బీరన్న ఎవరినైనా అడిగేలోపే వ్యాను వచ్చి ఆగింది.

ముందు జడ్జి శ్రవణ్‌కుమార్ దిగాడు. హైదరాబాదులో పేరున్న హెయిర్ స్టైలిస్ట్. వీపు మీద పిలకజుట్టు. బీరన్న తలపాగా, గొంగడి, కత్తెర చూడగానే ఆయన ముఖం వెలిగింది. మంజులకు పని నేర్పిన పెద్దాయన అనుకుని కెమెరా ఆన్ చేయించాడు.

"ఇక్కడ కట్ చేసేది మీరేనా?"

"నేనే సార్. ఇరవై ఏండ్ల సంది."

"రోజుకు ఎంతమందికి చేస్తారు?"

"సీజన్ల ముప్పై, నలభైకి చేస్త."

"కదలకుండా కూర్చుంటారా?"

"యాడ కూసుంటయి సార్. కాళ్లు కట్టేస్త."

శ్రవణ్‌కుమార్ పగలబడి నవ్వాడు. పల్లెటూరి చమత్కారం అనుకున్నాడు. మంచి ఊపులో తానే కుర్చీలో కూర్చుని పిలక విప్పాడు. "నాకే చేసి చూపించండి. అర అంగుళం, అంతే."

"అర అంగుళమే ఉంచాల్నా సార్?"

"అవును, అర అంగుళం."

మనిషికి చేయడం బీరన్నకు కొత్త. అయినా టీవీ సార్ అడిగితే కాదనడం మర్యాద కాదనిపించింది. శ్రవణ్‌కుమార్ తలను చంకలో ఇరికించుకుని, మెడ దగ్గర మొదలుపెట్టి నాలుగు కత్తిరింపుల్లో నడినెత్తికి చేరాడు.

బజారులో ఎవరూ దొరక్క మంజుల తిరిగొచ్చేసరికి జడ్జి పిలక బీరన్న చేతిలో ఉంది.

"సగమైంది బిడ్డా. ఇంకో పక్కున్నది," అన్నాడు బీరన్న నిమ్మళంగా.

శ్రవణ్‌కుమార్ అద్దంలో చూసుకున్నాడు. చేత్తో తల తడుముకున్నాడు. కెమెరామన్ మాత్రం కెమెరా దించలేదు.  ఫైనల్ మాట అటుంచి, కేసు పెడతారేమో అనుకుంది మంజుల. అయినా కళ్ల ముందు పాడైన తల ఉంది, తన చేతికి పని తెలుసు. ఆయన భుజాల చుట్టూ గుడ్డ కప్పింది.

"కదలకుండ్రి సార్."

దువ్వెన పెట్టి చెవుల పక్కన జుట్టు దగ్గరగా కత్తిరించింది. ముందు కాస్త ఎత్తు వదిలింది. నడినెత్తి దగ్గర చెయ్యి ఆగింది.

"ఈడ జర పల్చబడ్డది సార్. పొడుగుంటే ఇంక కొట్టొచ్చినట్టు కనబడతది," అంది మెల్లగా.

"అది దాచడానికే పెంచాను," అన్నాడాయన ఇంకా మెల్లగా.

నలభై నిమిషాలకు అద్దంలో పదేళ్లు తగ్గిన మనిషి కనిపించాడు. శ్రవణ్‌కుమార్ తలను రెండు వైపులకూ తిప్పి చూసుకుని, నుదుటి మీద చెయ్యి పెట్టుకుని, చిన్నగా నవ్వాడు.

"నాలుగేళ్లుగా ఊరూరా మేకోవర్లు చూస్తున్నాను. నాకు మాత్రం ఎవరూ చేయలేదు. ఫైనల్‌కు రండి మంజులగారూ."

సుగుణమ్మ అందరికీ చాయ్ ఇచ్చింది. బీరన్న రెండు కప్పులు తాగి, ఎవరూ తప్పు పట్టనందుకు సంతోషంగా భార్యతో ఇంటికి పోయాడు.

రెండు వారాలకు ఎపిసోడ్ వచ్చింది. తెర మీద బీరన్న పేరు కింద ‘సీనియర్ స్టైలిస్ట్’ అని వేశారు. ఆయన గొర్రెల్లో ఒక్కటి కూడా అభ్యంతరం చెప్పలేదు.