గొట్టం పట్టుకున్న పెద్దమనిషి

లాండ్రీ తెరవడానికి ఇక ఒక్క సంతకమే అడ్డం. పదకొండు గంటలకు అగ్నిమాపక శాఖ అధికారి వస్తాడు, డ్రైయర్ల వేడిగాలి బయటికి పోయే గొట్టం చూస్తాడు, నచ్చితే సంతకం పెడతాడు. నచ్చకపోతే ఆ మూడు పెద్ద యంత్రాల పక్కన నాలుగోవాడిగా, ఉన్న ఉద్యోగం మానేసి మరీ ఈ దుకాణం పెట్టిన యజమాని కూడా ఊరికే నిలబడాలి.

అందుకే ఆయన పొద్దున్నే టీ అయినా తాగకుండా నిచ్చెన ఎక్కాడు. అసలు ఇది ఆయన పని కాదు. రేకుపని చేసే బావమరిది ఒకడున్నాడు. వారం కిందట వచ్చి గోడ కొలుచుకుని, "బావా, ఇది నీవల్ల కాదు, నాకొదిలెయ్" అన్నాడు. అదిగో, ఆ మాటతో బావగారికి రోషం పొడుచుకొచ్చింది. అప్పటిదాకా గొట్టాల గురించి ఓనమాలు తెలియని మనిషి, ఆ క్షణం నుంచి గొట్టాల మధ్యే పుట్టి పెరిగినట్టు మాట్లాడటం మొదలుపెట్టాడు.

"ఏమండీ, తమ్ముణ్ని రమ్మననా?" అంది భార్య, నిచ్చెన పట్టుకుని.

"దేనికీ? గాలి పోవడానికి దారి కావాలి, అంతేగా! ముక్కుకి రెండు కన్నాలు పెట్టడానికి ఎవరైనా మేస్త్రీని పిలిచారా?"

కొన్నది మడతలు మడతలుగా ఉండే ప్లాస్టిక్ గొట్టం. పొడవెక్కువైంది. కత్తిరించడానికి మనసొప్పక, మిగిలిందంతా యంత్రాల వెనక చుట్టచుట్టి కుక్కాడు. అతుకుల దగ్గర వేలెడేసి మరలు, మొనలు గొట్టం లోపలికి దిగేలా బిగించాడు. పిట్టలు దూరతాయేమోనని భార్య అనుమానపడితే, బయటి మూతికి పాత దోమతెర ముక్క కట్టి, "పిట్టేమిటి, దోమ కూడా రాదు" అన్నాడు. తువ్వాళ్ల నుంచి రాలే నూగు కూడా దాంట్లోంచి పోదన్న సంగతి ఆ బుర్రకి తట్టలేదు.

చివరి అతుకు మాత్రం ఎంతకీ నిలవదే! హార్డ్‌వేర్ షాపుకి ఫోన్ చేసి, పట్టుకోవడానికి ఒక మనిషిని పంపమన్నాడు. పది గంటలకు చేతిసంచీతో ఒక నడివయసు మనిషి లోపలికొచ్చాడు.

"గొట్టం చూడ్డానికొచ్చానండీ."

"చూసేదేముందయ్యా, పట్టుకోవాలి! రా రా, పడిపోతోంది!"

నిజంగానే అది నెత్తిన పడబోతుంటే, వచ్చినాయన గబుక్కున రెండు చేతులతో పట్టుకున్నాడు. "అదికాదండీ, నేను..."

"నువ్వెవరైతే నాకేం? గట్టిగా నొక్కు."

"ఇది ప్లాస్టిక్ కదండీ? వేడికి..."

"నీకెందుకయ్యా ఆ గొడవ! పదకొండింటికి ఆఫీసరొస్తాడు. కాగితాలు చూసుకునే మనిషి, ఆయనకేం తెలుస్తుంది? వెండి రంగు పూస్తే రేకే అనుకుంటాడు."

"అలాగా!" అన్నాడాయన, చాలా శ్రద్ధగా.

పరీక్షిద్దామని యజమాని మూడు డ్రైయర్లలోనూ తడి తువ్వాళ్లు వేసి మీట నొక్కాడు. కాసేపు అంతా బ్రహ్మాండం. తర్వాత దోమతెర నూగుతో మూసుకుపోయింది. మరలకు చిక్కిన నూగు ముద్దకట్టింది. దారి లేని గాలి వెనక్కి తిరిగింది, గొట్టం బూరెలా ఉబ్బింది, కమురు వాసన మొదలైంది. "కొంప మునిగింది!" అంటూ భార్య పరిగెత్తి మెయిన్ ఆపేలోపే అతుకు ఢామ్మని ఊడింది. లోపలి నూగంతా పట్టుకున్నాయన ముఖాన పడింది.

అప్పుడే గుమ్మంలోంచి ఎవరో అన్నారు: "హార్డ్‌వేర్ షాపు నుంచొచ్చానండీ. గొట్టం పట్టుకోవాలట, ఎక్కడ?"

యజమాని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మరి నువ్వు... అంటే... మీరు..."

"కాగితాలు చూసుకునే మనిషిని," అన్నాడాయన, కనుబొమల మీది నూగు దులుపుకుంటూ. "ఒక గంట ముందొచ్చాను. పైన ఎవరుంటారు?"

"మేమేనండీ. పిల్లలూ..."

"ఇవాళ నేను సంతకం పెట్టి వెళ్లుంటే, ఏదో ఒక రోజు ఈ నూగు అంటుకునేది."

యజమాని ఒక్కసారి మేడమెట్ల వైపు చూశాడు. సంతకం మాట మరిచిపోయాడు, రోషం మాటా మరిచిపోయాడు. ఫోన్ తీసి బావమరిదికి చేశాడు. "ఒరేయ్, తప్పు నాదే. నావల్ల కాలేదు. ఒకసారి రారా."

"వీధి చివరే ఉన్నా బావా, రేకు గొట్టాలు బండి మీదేసుకుని. అక్క ఏడింటికే ఫోన్ చేసింది."

యజమాని భార్య వైపు చూశాడు. ఆమె పైకప్పు వైపు చూసింది.

సాయంత్రానికల్లా నున్నటి రేకు గొట్టం గోడలోంచి తిన్నగా, పొట్టిగా బయటికి పోయింది. మరలు లేవు, తెర లేదు, మూతికి గాలి వస్తే తెరుచుకునే రేకు తలుపు. అధికారి మళ్లీ వచ్చి, వేలు పెట్టి తడిమి చూసి సంతకం పెట్టాడు. వెళ్తూ వెళ్తూ పాత గొట్టాన్నీ, దాని పక్కన యజమానినీ నిలబెట్టి ఒక ఫొటో తీసుకున్నాడు.

నెల తిరిగేసరికి 'గొట్టం ఇలా బిగించరాదు' అన్న అట్టతో ఆ ఫొటో ప్రతి లాండ్రీ గోడకూ ఎక్కింది. తగిలించి తీరాలన్నది నిబంధన, ఆయన దుకాణానికీ మినహాయింపు లేదు. ఎవరండీ ఈ మహానుభావుడని ఎవరైనా అడిగితే, ఆయన తువ్వాళ్లు మడతపెడుతూ తల ఎత్తకుండానే చెబుతాడు:

"ఎవరో లెండి, ముక్కుకి మేస్త్రీని పిలవనివాడు."